తడిస్తే ఎంత తూగుతుంది?

మా అక్క బాలలక్ష్మి పండరిపురానికి రెండుసార్లు నడకన బయలుదేరి, రెండుసార్లూ జీపులో తిరిగి వచ్చింది. ఈ సంగతి ఆమె ముందు ఎవరూ ఎత్తరు. ఎత్తిన మొనగాడు మా బావ పర్శరాములు ఒక్కడే. పాపం, ఆయనకు ఆ తర్వాత నాలుగు రోజులు ఉప్పు లేని పప్పే దక్కింది.

భైంసా దిక్కు మా ఊళ్లలో సగం దేవుళ్లు మరాఠీ మాట్లాడతారు. అందుకని ఏటా తొలి ఏకాదశికి పండరిపురం చేరేటట్టుగా ఇరవై రోజుల ముందే దిండీ కదులుతుంది. దిండీ అంటే తాళాలు కొట్టుకుంటూ, భజన చేసుకుంటూ నడిచిపోయే భక్తుల గుంపు. పెద్ద దిండీల వెనక సామాన్ల లారీ ఉంటుంది. మా ఊరి దిండీకి ఉన్నవి పదకొండు మంది మనుషులు, ఒక వీణ, ఒక జెండా. ఎవరి బువ్వ గిన్నె, ఎవరి ఇల్లు వాళ్ల వీపు మీదే. పైగా అది వానాకాలం. నాందేడ్ దాటితే చెట్టు కూడా అడ్డం లేని బీడు మీద గాలి కొడుతుంది.

మొదటిసారి అక్క ఒక పల్చటి ప్లాస్టిక్ కవరు పట్టుకొని పోయింది. తేలికే, కానీ మూడో రోజు గాలికి పీలికలైంది. నూట మూడు జ్వరంతో జీపెక్కింది. రెండోసారి బావ పత్తి బండి మీద కప్పే తాడిపత్రిని, అంటే మందపాటి టార్పాలిన్ను, కోసి ఇచ్చాడు. అది చిరగలేదు, తడవలేదు. ఏడు కిలోల ఆ తాడిపత్రి కింద అక్క మోకాలే చిరిగినంత పనైంది. మళ్లీ జీపు. దిండీ నడిపించే హనుమండ్లు మహారాజ్ మెత్తటి మనిషి, గొంతు కూడా ఎత్తడు. అయినా ఈసారి ఇంటికి వచ్చి, తల వంచుకొని చెప్పేశాడు.

"అక్కా, మూడోసారి గూడ గిట్లనే అయితే, ఇగ నాతోని కాదు. నీ ఒక్కదాని కోసం పదిమంది ఆగుడైతున్నది."

అక్కకు అరవై రెండేళ్లు. మొక్కు లేదు, రోగం లేదు, కొడుకు కోసమో కోడలి కోసమో కాదు. తన కాళ్లతో నడిచి ఆ ఊరు చేరాలి, అంతే. కొడుకు దుబాయి నుంచి ఫోన్ చేసి "అవ్వా, రైలు టికెట్ తీస్త" అంటే, "రైలు నడిస్తే నేను నడిచినట్టా?" అని ఫోన్ పెట్టేసింది. అంటే ఆమెకు కావలసింది వానకు తడవని, గాలికి పడని, మోకాలికి బరువు కాని డేరా. అది దొరికితే పండరిపురం, లేకపోతే ఇక జన్మలో లేదు.

ఇక్కడ నేను దిగాను. నా పేరు సిద్దిరాములు. జిన్నింగ్ మిల్లులో ఇరవై రెండేళ్లుగా కాంటా నాదే. పత్తి తూచడం, తేమ మీటరు గుచ్చడం నా పని. బరువు గురించి నాకు చెప్పగలిగినవాడు ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదని నా గట్టి నమ్మకం.

నాలుగు రోజులు ఫోన్లో వెతికాను. మంచు కొండల మీద గడ్డాలు పెంచుకున్నవాళ్లు ఏ డేరాను మెచ్చుకుంటున్నారో చూశాను. మూడువేల మిల్లీమీటర్ల వాన తట్టుకుంటుందని రాసిన ఒక నారింజ రంగు డేరా తెప్పించాను. మా ఊళ్లో ఏడాది మొత్తం కలిపినా అంత వాన పడదు కదా, ఇంకేం కావాలనుకున్నాను. కాంటా మీద మూడుసార్లు తూచాను. కిలో తొమ్మిది వందలు, గ్రాము అటూ ఇటూ లేదు. వాకిట్లో కట్టి నిలబెడితే, అబ్బో, గుండ్రంగా, ఎత్తుగా, దర్జాగా ఉంది. అక్క కోడలు రమ దాని ముందు నిలబడి ఫోటోలు కూడా దిగింది.

అక్క మాత్రం ఎద్దును బేరమాడే మనిషిలాగా దాని చుట్టూ ఒకసారి తిరిగింది. ఒక తాడు పట్టి లాగింది. మూతి విరిచింది.

"లతీఫాకు సూపిద్దాం పా."

నాకు ఒళ్లు మండింది.

లతీఫున్నీసా ఆపాది పత్తి మార్కెట్ దారిలో తాడిపత్రి కుట్టే దుకాణం. నలభై ఏళ్లుగా ఆమె కుట్టు మిషను, ఆమె నోరు ఒక్క రోజు కూడా ఆగిన దాఖలా లేదు. ఏ తాడిపత్రి కుట్టినా, గిరాకీ వచ్చినవాళ్లకు ఇచ్చేముందు తానే దాని కింద కూర్చొని పైనుంచి బిందెలతో నీళ్లు పోయించుకుంటుంది. ఒక్క చుక్క కారినా మళ్లీ విప్పి కుడుతుంది. మా అక్కకూ ఆమెకూ ముప్ఫై ఏళ్ల స్నేహం. ఎదురుపడ్డ ప్రతిసారీ కొట్లాడుకుంటారు, ఎదురుపడకపోతే మనిషిని పంపి కొట్లాడుకుంటారు.

దుకాణం మీది మిద్దె ఎక్కించి నా డేరా కట్టించింది ఆపా. నడుం మీద చేతులు పెట్టుకొని చూసింది.

"మాషా అల్లా. నీ లెక్కనే ఉన్నది తమ్మీ. పైకి గుండ్రంగ, లోపలంత జాలీ."

"ఆపా, గది గాలి కోసం పెట్టిన జాలి, వల గుడ్డ."

"సరే సరే. ముందుగాల ఏం కడ్తవ్?"

"లోపలి జాలి గది. దాని మీద వాన కవరు."

"కడుతుంటెనే వానొస్తే?"

"రాకముందే కట్టుకోవాలె."

"మంచిగున్నది. మొగులుకు చిట్టీ రాసి పంపు, జర ఆగు, సిద్దిరాములు మేకులు కొడుతుండు అని."

అక్క పకపకా నవ్వింది. సొంత అక్క! నేను డేరా విప్పి మళ్లీ కడుతుండగా ఇద్దరూ చెరో బిందె ఎత్తి పోయడం మొదలుపెట్టారు. డేరా మీద పోస్తున్నామన్నారు గానీ, సగం నీళ్లు నా నెత్తి మీదే పడ్డాయి. పైకవరు తగిలించేసరికి లోపలి గది అడుగున చెంబెడు నీళ్లు నిలిచాయి. అయినా నేను తగ్గలేదు. వాన కవరులోంచి చుక్క దిగలేదు చూడండని వాదించాను. ఆపా విన్నది, తల ఊపింది, ఆ తర్వాత అసలు దెబ్బ కొట్టింది.

"గట్లనే తడితోనే మడతపెట్టు. నీ కొక్కెం కాంటా తెచ్చినవ్ కదా? తూకం పెట్టు."

పెట్టాను. మూడు కిలోల మూడు వందలు.

"ఇరవై రెండేండ్ల సంది రైతుల పత్తిల మీటరు గుచ్చుతున్నవ్. తడి సరుకు ఎక్కువ తూగుతదని అందరికంటె ఎక్కువ తెలిసినోడివి నువ్వే. నీ సొంత డేరాల గుచ్చనీకి చెయ్యి రాలేదా? వానల పొద్దుగాల లేస్తే ఎండుతదారా గిది? తడిదే చుట్టి వీపుకెత్తుకోవాలె!"

"నా పత్తికే క్వింటాలుకు మూడు కిలోల కోత పెట్టిండు లతీఫా," అందుకుంది అక్క. "పొద్దటి మంచు పడ్డదిరా అంటే ఇన్లే. అక్క అని సూడలే, సెల్లె అని సూడలే."

నిజమే. పెట్టాను. మిల్లులో వంద మందిని నిలబెట్టి న్యాయం మాట్లాడిన నోరు ఆ మిద్దె మీద కూడా ఊరుకోలేదు. ఊరుకున్నా బాగుండేది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు.

"అట్లనా? అయితే నేను గూడ నడుస్త. గీ డేరాతోనే నడుస్త. ఎవరిది నిలబడ్తదో, ఎవరిది పడ్తదో సూద్దాం!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ల కళ్లలో ఆ మెరుపు చూసి కూడా నాకు బుద్ధి రాలేదు.

ఆపా తన డేరా మొదలుపెట్టింది. దానికి ఆమె తాడిపత్రి ముట్టలేదు. నిజామాబాద్ నుంచి పారాచూట్ బట్ట తెప్పించింది, పల్చటిది, పిడికిట్లో పట్టేది. దాన్ని గిన్నె మీద పరిచి, మధ్యలో చాయ పోసి, కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నది. గంట తర్వాత గిన్నెలో చుక్క లేకపోతేనే కత్తెర పట్టింది. కర్రలు పెట్టలేదు. "నీ చేతిల కట్టె ఉన్నది కదా, పొద్దంత అది నిన్ను మోస్తది, పొద్దూకినంక డేరాను మోస్తది" అన్నది అక్కతో. ఒక కొస మోకాలి ఎత్తు, ఇంకో కొస ఛాతీ ఎత్తు. పొట్టి కొస గాలికి ఎదురుగా పెట్టాలి. పైకప్పు ముందు లేస్తుంది, కింద పరిచేది దాని నీడలో తర్వాత పరుచుకోవచ్చు. సూది దిగిన ప్రతి చిల్లు మీదా రెయిన్‌కోటు కుట్లకు పూసే జిగురు పూసింది.

"దీనిల నిలబడరాదేంది?" అని అక్క కొర్రీ పెట్టింది.

"నిలబడనీకి నాలుగొందల కిలోమీటర్ల రోడ్డున్నది. గిది పండనీకి."

మొదటి రాత్రి వాకిట్లో పడుకొని చూస్తే, వాన లేకుండానే పొద్దున అక్క చీర చెమ్మగిల్లింది. ఊపిరి ఆవిరి బయటికి పోలేదు. ఆపా తన తలమీద తానే మొట్టుకొని, రెండు కొసల్లోనూ పైన గాలి సందులు పెట్టింది. ఆ తర్వాత రోజూ సాయంత్రం కట్టుడు, విప్పుడు. పొయ్యి మీద చాయ పొంగేలోపు డేరా నిలబడాలని ఆపా షరతు. మొదట్లో చాయ పొంగి, మసిబొగ్గయ్యేది. వారానికి అక్క నీళ్లు మరగకముందే కట్టేసి, "చాయ ఏది?" అని అడగడం మొదలుపెట్టింది. గాలి ఎటునుంచి వస్తుందో మాత్రం ఆపా నేర్పనవసరం లేకపోయింది. ఏటా కల్లంలో కందులు తూర్పారబట్టే చేతులవి.

ఆరిన బరువు కిలో నూట యాభై. తడిపితే కిలో నాలుగు వందలు. తూచింది నేనే కాబట్టి కాదనలేకపోయాను.

బయలుదేరే రోజు ఇంకో రగడ. ఆపా వీడ్కోలుకని వచ్చి, అలవాటు కొద్దీ అక్క సంచి ఎత్తి చూసింది. ఆమె మొహం మారింది. సంచి బోర్లించింది. బట్టల కింద నుంచి రెండు కిలోల మామిడికాయ తొక్కు సీసా దొర్లింది. దాని వెనకే ఇత్తడి చెంబు.

"యా అల్లా! గాలి సందుల కాడ పది గ్రాములు తగ్గియ్యనీకి రెండు దినాలు కుట్టి ఇప్పిన. నువ్వు రెండు కిలోల తొక్కు మోస్తవా?"

"నోటికి రుచి లేకుంటె కాళ్లెట్ల నడుస్తయే?"

"కాళ్లకు నోరుండదు!"

ఇద్దరూ సీసాను చెరోవైపు పట్టుకొని గుంజుకున్నారు. హనుమండ్లు మహారాజ్ వీణ పట్టుకొని, మొదటి భజన ఎత్తుకోలేక నిలబడ్డాడు. చివరికి సీసా ఆపా చంకలోకి పోయింది. మేం నడిచినన్ని రోజులూ ఆ తొక్కు తానే తిని, కారం తక్కువైందని ఫోన్లో పేరు కూడా పెట్టింది.

మొదటి ఎనిమిది రోజులూ జల్లులే. అక్క డేరా ప్రతి సాయంత్రం పిల్లిలా నేలకు అతుక్కొని ఉండేది. నాది మాత్రం దూరం నుంచే కనిపించేది. దారిన పోయేవాళ్లు నా దగ్గర ఆగి మెచ్చుకుంటుంటే నేను మీసం తిప్పాను. మీసం కింద భుజాలు కూలిపోతున్నాయని ఎవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున తడి డేరా చుట్టి ఎత్తుకుంటుంటే, నేను కోత పెట్టిన రైతులందరూ నా వీపు మీద వచ్చి కూర్చున్నట్టుండేది.

తొమ్మిదో రోజు, అహ్మద్‌పూర్ దాటి లాతూర్ దారిలో, సోయా చేన్ల మధ్య బీడులో దిగాం. ఇంకా పొద్దు గూకలేదు. పడమట మొగులు నల్లబడింది. అక్క వేలు తడిపి గాలికి పెట్టి, పొట్టి కొసను అటు తిప్పి, నాలుగు మేకులు కొట్టి, కట్టె నిలబెట్టి, లోపలికి దూరిపోయింది. నేను ఇంకా జాలి గదితో కుస్తీ పడుతున్నాను. చినుకులు పెద్దవయ్యాయి. పైకవరు పరిచానో లేదో, గాలి కిందికి దూరి మొత్తం డేరాను ఎత్తింది. మేకులు ముల్లంగి దుంపల్లాగా ఊడివచ్చాయి. నారింజ రంగు గుండ్రటి నా డేరా చేను మీదుగా దొర్లుతూ పోయింది. దాని వెనక నేను. చేను గలాయన మంచె మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"ఓ కాకా! తంబూ గేలా! సోడా, సోడా!"

డేరా పోయింది, వదిలెయ్యమని ఆయన నెత్తీనోరూ కొట్టుకుంటున్నా నేను వదల్లేదు. కాలువ గట్టు మీద ఒకసారి ఎగిరి, అది నాకు శాశ్వతంగా సెలవు చెప్పింది.

ముద్దయి తిరిగి వచ్చి అక్క డేరా ముందు వంగాను. లోపల ఆమె పొడి చీరలో కాళ్లు చాపుకొని అటుకులు తింటున్నది. నా వైపు చూసి, తాపీగా చెయ్యి చాపి నా చొక్కా కొస పిండింది.

"తేమ శానున్నది. గీ సరుకు మేం తీస్కోం."

"అక్కా!"

"మూడు కిలోల కోత పెట్టుమంటవా?"

"నీ కాళ్లు మొక్కుత, జర జరుగు!"

నవ్వి నవ్వి కళ్లు తుడుచుకొని అప్పుడు పక్కకు జరిగింది. తన రెండో చీర ఇచ్చి చుట్టుకోమన్నది. చుట్టుకున్నాను. గాలి గంటసేపు ఆ డేరాను కొట్టింది. బట్ట బిగుసుకొని మూలిగింది, కట్టె కొంచెం వణికింది, అంతే. పల్చటి ఆ బట్ట వెనక నిలబడి వాన మమ్మల్ని వెతుక్కున్నట్టుంది, దొరకలేదు. ఆపా నలభై ఏళ్ల కుట్టు చేతి మీద నాకు మొదటిసారి భక్తి కలిగింది. పొద్దున ఎర్ర చీరలో బయటికి వచ్చిన నన్ను చూసి దిండీ అంతా భజన ఆపి నవ్వింది. ఆ రోజు నుంచి మహారాజ్ ప్లాస్టిక్ కవరు కింద సర్దుకున్నాను.

అసలు కష్టం పదహారో రోజు వచ్చింది. అక్క మోకాలు సొరకాయలా ఉబ్బింది. ఇంకా నాలుగు రోజుల దారి ఉంది. మహారాజ్ వచ్చి, చూసి, నాతో మెల్లగా "జీపుకు ఫోన్ చెయ్యాలె సిద్దిరామన్నా" అన్నాడు. మెల్లగా అన్నా అక్కకు వినిపించింది.

"జరం ఉన్నదా నాకు, పట్టి సూడుండ్రి. తడిసిన్నా? లేదు కదా. పొడిగ పన్న, మంచిగ నిద్రపోయిన. మోకాలు ఒక్కటే కదా వాసింది. ఇంకోటి బాగనే ఉన్నది."

"ఎన్కబడితే ఎట్లక్కా?"

"మీరు నాలుగింటికి లేస్తరు. నేను రెండింటికే లేస్త. మీకంటె ముందే పోత. మీరు నన్ను అందుకోవాలె గని నేనెందుకు ఎన్కబడ్త?"

అన్నమాట ప్రకారమే లేచింది. ఆమెతో నేనూ లేవాల్సి వచ్చింది. కుంటుతూ, కట్టె మీద వాలుతూ, నొప్పికి పళ్లు కొరుకుతూ నడిచింది. సంచి నాకు ఇమ్మన్నాను. బట్టలు, గిన్నె అన్నీ ఇచ్చింది. డేరా మాత్రం ఇవ్వలేదు. నేను బతిమాలాను, తిట్టాను. "ఎవరి ఇల్లు వాళ్లే మోసుకోవాలెరా" అన్నది. నాలుగు రోజుల్లో దిండీ ఆమె కోసం ఒక్క పూట కూడా ఆగలేదు.

ఏకాదశి ముందు రోజు మధ్యాహ్నం పండరిపురం చేరి, చంద్రభాగ నది ఒడ్డున దిగాం. లక్షల మంది. దర్శనం లైను ఇరవై గంటలు అంటున్నారు. అక్క మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, గుడి శిఖరం వైపు తిరిగి, రెండు చేతులూ ఎత్తింది. చాలాసేపు దించలేదు.

"పా అక్కా, లైన్ల నిలబడదాం," అన్నాను.

"నువ్వు పో. నాకు శిఖరం కనిపించింది, సాలు."

నాకు కోపం ముంచుకొచ్చింది. "ఏమన్న పిచ్చా నీకు? మూడేండ్ల సంది గింత తండ్లాట పడి, కాలు ఇరగ్గొట్టుకొని వచ్చి, దేవుని మొకం సూడవా?"

"నేను సూసుడేందిరా, ఆయన ఫోటో ఇంట్ల లేదా? ఆయన సూడాలె. బాలలక్ష్మి నడిచి వచ్చిందా లేదా అని. సూసిండు."

హనుమండ్లు మహారాజ్ నీళ్లలోనే వంగి ఆమె కాళ్లు ముట్టాడు. దిండీలో చిన్నాపెద్దా లేకుండా అందరూ అందరి కాళ్లూ ముడతారు, అది రివాజు. కానీ ఆయన చాలాసేపు లేవలేదు. ఆ తర్వాత నేను వంగాను. నాకు ఏడుపు ఆగలేదు, చెప్పడానికి సిగ్గేమీ లేదు. అక్కే నా రెక్క పట్టి లేపింది.

మూడో రోజు పొద్దున భైంసా బస్సుకు సీట్లు పట్టి, సంతోషంగా పరుగెత్తుకొచ్చాను. అక్క ఇసుకలో డేరా దులిపి, చుట్టి, సంచిలో పెట్టుకుంటున్నది.

"బస్సు ఎనిమిదింటికి అక్కా. కిటికీ సీటు దొరికింది నీకు."

"నీ సీట్ల నువ్వు కూసో."

"మరి నువ్వు?"

సంచి వీపుకెత్తుకొని కట్టె అందుకుంది. మోకాలి వాపు ఇంకా సగం కూడా తగ్గలేదు.

"రెండేండ్లు బండ్లల్ల తిరిగొచ్చుడే అయ్యింది నా బతుకు. ఇప్పుడు కాళ్లకు తొవ్వ తెలిసింది. నడిచే వస్త."

"పిచ్చిదానివా? పోనీ నన్నేం చెయ్యమంటవ్? నాకు డేరా గూడ లేదు!"

"నా డేరాల జర జరిగి పంట తీ, నీకు గూడ జాగైతది," అని ఆమె నడక మొదలుపెట్టింది. నేను బస్‌స్టాండుకు పోయి రెండు సీట్లూ వేరేవాళ్లకు ఇచ్చేసి వచ్చాను.